పంతొమ్మిది అంగుళాల సోఫా

మా అమ్మ మోకాలి వెనక గుంట నుంచి నేల దాకా పదిహేడు అంగుళాలు. ఇంట్లో కూడా వేసుకునే చెప్పులతో కొలిస్తే వచ్చిన లెక్క అది. సొంత తల్లి కాలిని టేపు పెట్టి కొలవాల్సిన రోజొకటి వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది కాబట్టి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ పదిహేడే.

కిందటి వానాకాలంలో అమ్మ పెరట్లో జారిపడింది. గాలికి రాలిన కొబ్బరి మట్ట గచ్చుకి అడ్డంగా పడి ఉంది. దాన్ని దాటబోతే నాచు మీద చెప్పు జారింది. ఎడమ తుంటి ఎముక విరిగింది. అమలాపురంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. కొన్ని నెలలు వాకరు, తర్వాత చేతికర్ర. చలికాలం వెళ్ళేసరికి ఆ కర్ర కూడా గోడకి ఆనించేసి ఇంట్లో నడుస్తోంది. ఇంటికొచ్చి కసరత్తులు చేయించిన ఫిజియోథెరపీ ఆయన చివరి రోజున నన్ను పక్కకి పిలిచాడు.

"నడక వచ్చేసిందండి. ఇంక కూచున్న చోటి నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవడం ఒక్కటే మిగిలింది. కాలికి ఆ బలం ఉంది, ఆవిడకే నమ్మకం లేదు. తగిన ఎత్తులో కూచోబెట్టండి. మోకాళ్ళకన్నా తుంటి కాస్త పైన ఉండాలి. చేతులు ఆన్చుకోడానికి గట్టిగా ఏదో ఒకటి ఉండాలి."

ఆయన గేటు దాటగానే టేపు తెచ్చి అమ్మ కాలు కొలిచాను. పదిహేడుకి రెండు కలిపితే పంతొమ్మిది.

నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా. మామిడికుదురు దగ్గర గ్యాస్ తీసే చోట షిఫ్టుల ఉద్యోగం. గేజీలు నిజం చెబుతున్నాయో లేదో చూడటం నా పని. కొలవడం, రాసుకోవడం, తేడా ఉంటే సరిచేయడం. ఆ అలవాటు నాతోపాటు ఇంటికీ వచ్చేసింది. మా ఇల్లు రాజోలులో, చర్చి వెనక సందులో. రెండు గదులు, వంటిల్లు, పెరడు. నాన్న పోయి చాలా కాలమైంది, ఉండేది అమ్మా నేనూ. మొదటి జీతాలు కూడబెట్టి ముందుగదిలోకి నేనొక సోఫా కొన్నాను. ముదురు గోధుమరంగు గుడ్డ, మెత్తటి ఫోమ్. కూర్చుంటే మనిషి అందులోకి దిగిపోతాడు. ఖాళీగా ఉన్నప్పుడు దాని ఎత్తు పదహారు అంగుళాలు. అమ్మ కూర్చుంటే పన్నెండున్నర.

ఫిజియోథెరపీ ఆయన ఆ మాట చెప్పడానికి కొన్ని వారాల ముందు, ఆ పన్నెండున్నర దగ్గరే అసలు సంగతి జరిగింది. అమ్మకి నెమ్మదించిందని తెలిసి పాస్టరమ్మగారు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ప్రార్థన చేయడానికి వచ్చారు. అమ్మ మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, వాళ్ళ మధ్య ఆ సోఫాలో కూర్చుంది. చివరి ప్రార్థనకి అందరూ లేచి నిలబడ్డారు. అమ్మ కూడా లేవబోయింది. లేవలేకపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. ఎక్కడ చెయ్యి ఆనిస్తే అక్కడ కుంగిపోతోంది.

"కూచోండమ్మా, ఫరవాలేదు" అన్నారు పాస్టరమ్మగారు.

ప్రార్థనలో కూర్చుండిపోయే మనిషి కాదు అమ్మ. చివరికి ఆ ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేపారు. పైట జారింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. అయిపోయాక కూడా కాసేపు తెరవలేదు.

ఆ రోజు నుంచి అమ్మ ముందుగదిలోకి రావడం మానేసింది. లోపలి గదిలో మంచం మీద కూర్చోవడం, మంచం తలపట్టె పట్టుకుని లేవడం, వంటింట్లోకి వెళ్ళిరావడం, అంతే.

ముందుగది అంటే మా ఇంట్లో లేసు గది. ముప్పై ఏళ్ళుగా మధ్యాహ్నం మూడింటికి మా సందులో ఆడవాళ్ళు నలుగురైదుగురు అక్కడ చేరతారు. చాప పరుచుకుని, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో దారపుండలు పెట్టుకుని లేసు అల్లుతారు. అమ్మ వాళ్ళ అమ్మ నేర్చుకున్న పని అది. అమ్మ చేతిలో మరింత సన్నబడింది. నా ఫీజులు చాలావరకు ఆ దారంలోంచే వచ్చాయి. అమ్మ లోపల మంచం మీద, మిగతావాళ్ళు ముందుగదిలో చాప మీద ఉండి, గోడకి ఇటు నుంచి అటు మాటలతో ఒక నెల నెట్టుకొచ్చారు. తర్వాత ఒక్కొక్కరే రావడం తగ్గించారు. మిగిలింది ఎదురింటి పిన్ని. మాకు చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ అలా పిలుస్తాను, అంతే. ఆవిడ ఒక్కతే వచ్చి చాప మీద కూర్చుని గుమ్మంలోంచి అమ్మతో మాట్లాడేది.

"అక్కా, నువ్వు ఎదురుగా లేకపోతే నా పువ్వుకి ఏడు రేకలొస్తున్నాయి. ఆరుండాలి కదా?"

"లెక్కపెట్టుకోవే."

"లెక్కపెట్టడం నాకెందుకు? నువ్వున్నావుగా."

నేను మొదట తెచ్చింది ఎత్తు కుర్చీ. ఆసుపత్రి సామాన్లు అమ్మే కొట్లో దొరికింది. పంతొమ్మిది అంగుళాలు, రెండు పక్కలా చేతులు. ముందుగదిలో వేసి, పిన్ని చేత మరో ముగ్గురిని పిలిపించి, అమ్మని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. అమ్మ కుర్చీలో, వాళ్ళు చాప మీద. అయిదు నిమిషాలు కూడా కాలేదు, అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ కుర్చీ ముఖం చూడలేదు.

"ఎత్తు చాల్లేదా?" అని అడిగాను.

"ఎత్తు కాదు నాన్నా. నేనొక్కదాన్ని పైన, వాళ్ళంతా కింద. పని చేయించే మేస్త్రీలా ఉన్నాను. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ రైతుల ఇళ్ళకి వెళితే అరుగు కింద నేల మీద కూచునేది. ఎప్పుడు చూసినా ఆవిడకి పైన ఎవరో ఒకరు ఉండేవారు. నా ఇంట్లో నాకు అలా వద్దు."

నేల మీద అందరితో సమానంగా కూర్చోవడం అమ్మకిక కుదరదు. కాబట్టి పక్కన ఇద్దరైనా అదే ఎత్తులో కూర్చోగలగాలి. అంటే కుర్చీ కాదు, ముగ్గురు పట్టే సోఫా. గట్టి సీటు, గట్టి చేతులు, పంతొమ్మిది అంగుళాలు. అమలాపురం కొట్లన్నీ తిరిగాను. కొత్త సోఫాలన్నీ నా సోఫాకి అక్కచెల్లెళ్ళు. మాకు తెలిసిన వడ్రంగి మేస్త్రి ఒకాయన ఉన్నాడు, కొత్తది చేసిపెట్టమని అడిగాను.

"చేస్తానండి, నాకేం. కానీ ఇప్పుడొచ్చే కర్ర పచ్చిదండి. మన గాలికి ఏడాది తిరక్కుండా కీళ్ళు వదులైపోతాయి. అమ్మగారు ఆ చేతుల మీద బరువంతా వేసి లేవాలంటున్నారు కదా? పాత టేకు సోఫా చూసుకోండి. యాభై, అరవయ్యేళ్ళు ఎండిన కర్ర ఇంక మెలి తిరగదు. మా తాతల నాటివి ఇంకా ఉన్నాయండి పల్లెల్లో. వాటిని గట్టిగా కూచోడానికే చేసేరు, పడుకోడానికి కాదు."

ఆ సాయంత్రమే నోటుబుక్కులో ఒక పేజీకి గీతలు కొట్టాను. చూడాల్సినవి పదకొండు. సీటు ఎత్తు, సీటు లోతు, చేతుల ఎత్తు, కీళ్ళ బిగువు, పురుగు రంధ్రాలు, మా గుమ్మంలో పట్టే వెడల్పు, ఇలా. ప్రతిదానికీ ఎదురుగా ఎంత ఉండాలో, ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చో రాశాను. అమ్మ చూసి, "పెళ్ళిచూపులకి కూడా ఇన్ని అడగరురా" అంది.

మొదట చూసింది కొత్తపేటలో, పాత సామాన్ల కొట్లో. నల్లగా నిగనిగలాడుతున్న సోఫా. కొట్టాయన దాని మీద అరచేత్తో చరిచి, "వందేళ్ళదండి" అన్నాడు. నేను వంగి అడుగు చూశాను.

"కింద ప్లైవుడ్ ఉందండీ."

"ఆయ్, అడుగు మార్చేం అండి."

"ఈ చేతుల స్క్రూలు కొత్తవి."

"చేతులు కూడా మార్చేం అండి."

"కాళ్ళు?"

"కాళ్ళు చెద పట్టేయి కదండీ మరి. అవీ మార్చేం."

"మరి వందేళ్ళది ఏదండీ?"

ఆయన క్షణం ఆలోచించాడు. "డిజైన్ అండి" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. టీ తెప్పించాడు.

రెండోది ముమ్మిడివరం దాటాక, రొయ్యల చెరువులున్న ఒకాయన ఇంట్లో. కొత్త తోలు సోఫాలు వచ్చాయి కాబట్టి పాతది ఇచ్చేస్తారని తెలిసింది. ఈసారి తనూ వస్తానంది పిన్ని. "నువ్వు కొలుస్తావు. చూడ్డానికి ఒకరుండాలి కదా." బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాం. ఆ సోఫాని చూడగానే నా చేతిలో టేపు నెమ్మదించింది. అంత బాగుంది. వెనక పలక మీద ద్రాక్షగుత్తులు, చేతుల చివర ఆకులు, అంతా చేత్తో చెక్కినది. ఎత్తు పద్దెనిమిదిన్నర. దూది పరుపు వేస్తే సరిపోతుంది. కీళ్ళు బిగువు. పురుగు లేదు. పదకొండింటికి పదకొండూ టిక్కు పెట్టి, ఇంటాయనతో మాట్లాడబోతున్నాను. పిన్ని జాకెట్లోంచి చిన్న దారపుండ తీసింది. కొస విప్పి, సోఫా చెయ్యి మీద వేసి, మెల్లగా తన వైపు లాగింది. జానెడు జరిగి ఆగింది. ఆకు మొనకి చిక్కుకుంది. విడిపించి మళ్ళీ లాగింది. ద్రాక్షగుత్తి దగ్గర చిక్కుకుంది. మూడోసారి తెగింది.

ఇంటాయన ఆశ్చర్యంగా చూస్తున్నాడు. "ఏంటండి అది?"

"లేసు దారం అండి. సోఫా మాకు నచ్చింది. దీనికి నచ్చలేదు."

బయటికొచ్చాక నేను కాస్త గట్టిగానే అన్నాను. "దారం కోసం అంత మంచి సోఫా వదులుకుంటామా పిన్నీ? అమ్మ లేవడానికి కదా వెతుకుతున్నాం."

"లేవడానికేంటిరా? లేచి ఎక్కడికెళుతుంది, ఢిల్లీ వెళుతుందా? మీ అమ్మ కూచునేది లేసు అల్లడానికి. ఒళ్ళోంచి దారం ఆ చెయ్యి మీదుగా పారుతుంది. నిమిషానికోసారి చిక్కుకుంటుంటే మర్నాటికి మళ్ళీ మంచం ఎక్కుతుంది. అప్పుడు నీ పదకొండు టిక్కులూ ఫ్రేము కట్టించుకో, ఇంజినీరూ."

ఆటోలో కూర్చుని పన్నెండో గీత కొట్టాను. ఎదురుగా 'దారం' అని రాశాను. పిన్ని తొంగి చూసి, ఇంకో దారపుండ తీసి నా చొక్కా జేబులో పెట్టింది.

మూడోది చాలా దూరం. కపిలేశ్వరపురం దగ్గర, గోదావరి గట్టు పక్కన. నా సెలవు రోజున బండి మీద ఒక్కణ్ణే వెళ్ళాను. రావులపాలెం వంతెన దాటి, జొన్నాడ మీదుగా. రైతుల ఇల్లు. అరుగు తీసేసి కార్లు పెట్టుకోవడానికి షెడ్డు వేస్తున్నారు. ఆ అరుగు మీద ఉండే సోఫా ఇప్పుడు ధాన్యం కొట్లో ఉంది. ఇంటావిడ, నడివయసు మనిషి, తలుపు తీసి చూపించారు.

"మా మావగారు కూచునేదండి ఇది. ఆయన కూచుంటే పక్కన ఇంకెవరూ కూచునేవారు కాదు. ముగ్గురు పట్టే సోఫాలో ఒక్కరే. మిగతావాళ్ళంతా కిందే."

మా అమ్మమ్మ ఈ ఊరు ఎప్పుడూ రాలేదు, ఈ అరుగు ఎరగదు. అయినా ఆ మాట విన్నాక నేలవైపు ఒకసారి చూశాను. తర్వాత టేపు తీశాను.

చెక్కడాలు లేవు. వెనక పేము అల్లిక, ఒకటి రెండు చోట్ల తెగింది. సీటు మందమైన టేకు పలకలు. చేతులు వెడల్పుగా, గుండ్రంగా, అరచేతుల రాపిడికి అద్దంలా అరిగి ఉన్నాయి. జేబులోంచి దారం తీసి లాగాను. ఈ కొస నుంచి ఆ కొసకి ఎక్కడా ఆగకుండా జారింది. మళ్ళీ లాగాను. మళ్ళీ జారింది. అప్పుడు సీటు ఎత్తు కొలిచాను.

పదిహేను.

ఇంకోసారి కొలిచాను. గచ్చు ఎగుడుదిగుడేమోనని నాలుగు మూలలా కొలిచాను. పదిహేనే. నాలుగు అంగుళాలు తక్కువ. పరుపు వేసి నాలుగు అంగుళాలు పెంచితే అది మళ్ళీ మెత్తటి సోఫానే అవుతుంది. నేను ఒప్పుకోగల తేడా అర అంగుళం. పుస్తకంలో 'ఎత్తు చాలదు' అని రాసి, అలవాటు ప్రకారం టేపుతో సహా ఆరు ఫోటోలు తీసి, ఇంటావిడకి చెప్పి వచ్చేశాను. వంతెన మీద గాలి ఎక్కువగా ఉంది. బండి నెమ్మదిగా నడిపాను. వెతకడానికి ఇంకేం మిగిలిందా అని ఆలోచిస్తే ఏమీ తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మ మంచం మీద ఉంది. ఏమైందని అడగలేదు, నా ముఖం చూసింది. ఫోన్ తీసి ఆవిడ చేతికిచ్చాను. "అన్నీ బాగున్నాయమ్మా. ఎత్తు ఒక్కటే లేదు."

అమ్మ ఒక్కో ఫోటో దాటిస్తూ నాలుగోదాని దగ్గర ఆగింది. అది ముందు కాలు ఫోటో. "ఇది పెద్దది ఎలా చెయ్యాలి?" చేసి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, లేసు నమూనా చూసేటప్పుడు పెట్టే ముఖం పెట్టింది. చూపుడువేలు స్క్రీన్‌కి తగలకుండా పై నుంచి కిందికి కదుపుతోంది. పెదాలు లెక్కపెడుతున్నాయి.

"పైన మూడు గాజులు. తర్వాత కుండ. మళ్ళీ మూడు గాజులు. మళ్ళీ కుండ." ఆగింది. "కుండ సగమే ఉంది."

"ఏం కుండ?"

"కాలు చూడరా. కర్ర తిప్పి చేసిన కాలు కదా. మూడు గాజులకి ఒక కుండ. రెండోసారి కుండ నడుము దగ్గరే నేలకి ఆనిపోయింది. కింద సగం లేదు. దాని కిందికి మూడు గాజులు రావాలి. అవీ లేవు. చెయ్యి తిరిగినవాడెవడూ పువ్వు మధ్యలో పని ఆపడు. ఎవరో కోసేశారు దీన్ని."

ఫోన్ తీసుకుని చూశాను. ఫోటోలో కాలి పక్కన నా టేపు ఉంది, అంకెలు స్పష్టంగా కనబడుతున్నాయి. నేను ఆ అంకెలే చూశాను. వాటి పక్కనున్న కాలు చూడలేదు. పై కుండ, గాజుల కొలత అదే ఫోటోలో ఉంది. కింద ఉండాల్సిన సగం కుండ, మూడు గాజులు, పాదం కలిపి లెక్క వేశాను. సుమారు నాలుగు అంగుళాలు వచ్చింది. అమ్మకి చూపించాను.

"అయితే అది మొదట్లో ఎంతుండేది?" అంది.

"పంతొమ్మిది."

అమ్మ ఫోన్ నా వైపు తోసి, "ఫోన్ చెయ్యి మరి. నా ముఖం చూస్తావేం?" అంది.

కపిలేశ్వరపురం ఆవిడ ఫోన్‌లో తాపీగా చెప్పారు. "ఆయ్, కోయించేం అండి. ఒకేడు వరద నీళ్ళు అరుగెక్కేయి. వారం రోజులు నానిపోయింది పాపం. కాళ్ళ కొసలు చివికిపోతే, చివికిన మేర నాలుక్కాళ్ళూ సమానంగా కోయించేరు మా ఆయన."

"మరి పొద్దున్న చెప్పలేదేమండీ?"

"మీరు ఎంతుందో రాసుకున్నారండి. ఎందుకలా ఉందని అడగలేదు కదండీ."

నిజమే. నా పన్నెండు ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు.

నాలుగు రోజుల తర్వాత సోఫా ట్రాలీ ఆటోలో నేరుగా మేస్త్రి షెడ్డుకి వచ్చింది. ఆయన దాన్ని తిరగేసి, కాళ్ళు వేలితో తట్టి, గోటితో గీరి చూశాడు. "లోపల కర్ర ఉక్కండి. పాత ద్వారబంధం ముక్క ఒకటుంది నా దగ్గర, అదీ టేకే. నాలుక్కాళ్ళకీ ముక్కలు దింపుతాను. లోపల చెక్క మేకు, ఏటవాలు అతుకు. అతుకు కనబడుతుంది మరి, దాచమంటారా?"

"వద్దండి. కనబడనివ్వండి. గట్టిగా ఉంటే చాలు."

ముందుకాళ్ళ ముక్కలకి కుండ, గాజులు తిప్పించాలా, సాదాగా వదిలేయాలా అని అడిగితే నేను సాదా చాలన్నాను. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒప్పుకోలేదు. "సగం పువ్వుతో నా ఇంట్లోకి రానివ్వను." ఆ మాటే మేస్త్రికి చెప్పాను. తిప్పించాడు. ఇంకో సంగతి ఏమిటంటే మా ముందుగది గచ్చు, కడిగిన నీళ్ళు పోవడానికి గుమ్మం వైపు వాలుగా ఉంటుంది. నీళ్ళ గొట్టంతో మట్టం చూస్తే సోఫా పొడవులో అర అంగుళం తేడా వచ్చింది. కుడివైపు కాళ్ళు అంత పొడవు చేయించాను. మేస్త్రి నా వైపు చూసి, "మీ ఇంట్లో ఇడ్లీలు కూడా స్పిరిట్ లెవెల్ పెట్టి పోస్తారాండీ?" అన్నాడు. పలక ఎత్తు పద్దెనిమిదిన్నర పెట్టించాను. పల్చటి దూది పరుపు వేసి మనిషి కూర్చుంటే లెక్క సరిపోతుంది. తెగిన పేము మాత్రం అలాగే ఉంది. అల్లే మనిషి దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతున్నాను.

సోఫా ఇంటికి వచ్చిన రోజు నేను పాతదాన్ని బయటికి తీసేసి, దీన్ని గోడకి వేసి, పరుపు పరిచి, అమ్మని పిలిచాను. అమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. వచ్చి ముందుకాలి దగ్గర వంగకుండా, తల మాత్రం వంచి, గాజులు లెక్కపెట్టింది. చెయ్యి మీద అరచెయ్యి వేసి ఇటు నుంచి అటు తీసింది. కూర్చుంది. పాదాలు రెండూ నేలకి సరిగ్గా ఆనాయి. మోకాళ్ళు తుంటికన్నా కిందికి ఉన్నాయి. నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఇప్పుడు లేమ్మా."

అమ్మ ఒక చెయ్యి సోఫా చేతి మీద, ఇంకో చెయ్యి పలక అంచు మీద ఆనించింది. అంగుళం లేచింది. ముఖంలో ఆ ప్రార్థన రోజు కనిపించింది. మళ్ళీ కూర్చుండిపోయింది.

"నీ చెయ్యివ్వు" అంది.

ఇచ్చాను. పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. నా చేతి మీద పడిన బరువు దాదాపు ఏమీ లేదు. లేవడానికి ఆవిడకి నా చెయ్యి అక్కర్లేదు. పట్టుకోవడానికే కావాలి. ఎత్తు సరిగానే ఉంది, భయం పోలేదు. పుస్తకం తెరిచి ఏం రాయాలో తెలియక మూసేశాను. అమ్మ లోపలి నుంచి, "రేపు మూడింటికి పిన్నిని, వాళ్ళని రమ్మను" అంది. నాకు ఆశ కలిగింది. కొంచెం భయం కూడా.

మర్నాడు మూడింటికి నలుగురూ వచ్చారు. నాకు ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు లేదు. అమ్మ కుడివైపు కొసన కూర్చుంది. పక్కన చెయ్యితో తట్టి, "రావే" అంది పిన్నితో.

"నేనా? నాకు చాప చాలు."

"నువ్వు చాప మీద కూచుంటే నేను మంచం మీదకి పోతాను."

"అబ్బో, బెదిరింపులు కూడానా." పిన్ని సోఫా ఎక్కింది. ఎక్కింది అని ఎందుకంటున్నానంటే ఆవిడ మా సందులో అందరికన్నా పొట్టి. వెనక్కి జరిగి కూర్చునేసరికి కాళ్ళు నేలకి అందలేదు. గాలిలో వేలాడుతున్నాయి. మూడో చోట కూర్చున్న ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిన్ని కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపింది.

"ఏరా ఇంజినీరూ, ఉయ్యాలకి గొలుసులు పెట్టడం మర్చిపోయావా? మీ అమ్మ ఒక్కదానికే కాళ్ళున్నాయా ఈ వీధిలో?"

"నువ్వు ఎదగకపోతే వాడేం చేస్తాడే?" అంది అమ్మ.

"నేను ఎదిగేను. ఈ సోఫాయే ఎక్కువ ఎదిగింది."

గది నిండా నవ్వు. అందరికన్నా గట్టిగా అమ్మ నవ్వుతోంది. చాప మీదున్న ఇద్దరూ రేపు మా వంతు అంటున్నారు, రోజుకిద్దరు చొప్పున మారాలని అప్పుడే ఒప్పందం రాసుకుంటున్నారు. పిన్ని చెప్పింది నిజమే. ఒక్క మనిషి కొలతకే చేయించాను. కాళ్ళు అలా వేలాడితే పావుగంటకి తిమ్మిరెక్కుతాయి. కాళ్ళకింద పీట కావాలి. మేస్త్రి దగ్గర ఆ ద్వారబంధం ముక్క ఇంకా మిగిలే ఉంది. టేపు తీసి పిన్ని ముందు కూర్చున్నాను.

"కదలకు పిన్నీ. మోకాలి వెనక నుంచి కొలవాలి."

"చక్కిలిగింతలురా!"

ఆవిడ కాళ్ళు ఊపుతూనే ఉంది. అరికాలి దగ్గర టేపు కొస పట్టుకుంటే పైన జారిపోతోంది, పైన పట్టుకుంటే కింద. "పై కొస ఎవరైనా పట్టుకోండి" అన్నాను తలెత్తకుండా.

ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. గట్టిగా, కదలకుండా, పిన్ని మోకాలి పక్కన. నేను కింద అంకె చూశాను. పదిహేను. నేను వద్దనుకుని వచ్చేసిన రోజున ఈ సోఫా ఎంత ఎత్తుందో సరిగ్గా అంత. నాలుగు అంగుళాల పీట సరిపోతుంది. పెన్ను తీసి రాసుకుంటున్నాను. గదిలో నవ్వు ఎందుకో ఆగిపోయింది. పిన్ని కాళ్ళు కూడా ఆగిపోయాయి.

నా ముందున్నవి అమ్మ చెప్పులు. తలెత్తి చూశాను. అమ్మ టేపు కొస పట్టుకుని నిలబడి ఉంది. సోఫాలో ఆవిడ చోట పరుపు మీద చిన్న గుంట, దాని పక్కన దారపుండ. దారం సోఫా చెయ్యి మీదుగా అమ్మ వేలి దాకా వచ్చి ఉంది, ఎక్కడా చిక్కుకోలేదు.

అందరూ తనవైపే చూస్తున్నారని అమ్మకి అప్పుడు తెలిసింది. ఏమైందన్నట్టు ఒక్కొక్కరినీ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి సోఫా చూసుకుంది.

"ఎంతొచ్చింది?" అని అడిగింది నన్ను.

"పదిహేను."

"రాసుకో మరి" అంది. తను మాత్రం వెంటనే కూర్చోలేదు. కాసేపు అలాగే నిలబడింది.